కత్తెర గుర్తు

కుట్టు మిషను గుర్తు కావాలని రాసిచ్చిన.
ఇద్దరు అడిగిన్రని చీటీ తీసిన్రు.
మిషను పోయి పోయి
ఫైనాన్స్ బాలకిషన్‌కు పడ్డది,
జిందగీల సూదిల దారం ఎక్కించినోడు కాదు.
నాకు కత్తెర వచ్చింది.

"కోసేదానికి ఎవలేస్తరే ఓటు?"
మా అత్త బోసినోటితోని నవ్వింది.
కొయ్యకుంటే ఏ గుడ్డ అంగీ అయితది అత్తా?

నామినేషన్ కాయితంల
పేరు: పెండ్యాల పుష్పలీల.
వృత్తి: దర్జీ.
ఆస్తులు: రెండు మిషన్లు, ఒక పీకో మిషను,
సగం అప్పు తీరిన స్కూటీ.
కేసుల కాడ అడ్డగీత కొట్టిన.
క్లర్కు అద్దాల మీదికెళ్లి చూసి
"పార్టీ?" అన్నడు.
"లాలాగూడ" అంటిని.
నవ్వలే. స్వతంత్ర అని రాసుకున్నడు.

పదిహేడేండ్లు కొలిచిన ఈ వార్డును.
అట్ట ఊడిన కొలతల బుక్కు సాక్షి.
షాహెదా ఆపా బుర్ఖా పొడుగు యాభై నాలుగు,
ఆమెకు కుడిభుజం కొంచెం కిందికి,
నీళ్ల బిందె మోసిన దిక్కు.
నర్సు లిస్సీకుట్టికి జేబు లోతుగుండాలె.
రైల్వే క్వార్టర్ల డొరొతీ మేడం
డెబ్బై దాటినా ఫ్రాకుకు బెల్టు మానదు,
ఏటేటా ఒక కాజా ముంగటికి జరుపుత, ఆమెకు చెప్పకుంట.
ఒరిస్సా మేస్త్రి బిడ్డకు బడి గౌను:
పెరిగే పోరి, మడతల రెండించులు ఇడువాలె.
బోనాలైనా రంజానైనా క్రిస్మస్సైనా
పండుగంటే నాకు నిద్ర లేని వారం.

ఇప్పుడు చేతుల ఓటర్ లిస్టున్నది.
అండ్ల షాహెదా ఆపా మొగోడు.
లిస్సీకుట్టి లస్సీకుట్టి.
చచ్చి తొమ్మిదేండ్లైన మా మామ
నంబరుతోని సహా బతికే ఉన్నడు.
మేస్త్రి పేరు మాత్రం లేదు.
ఆయన ఓటు గంజాంల ఉన్నది,
ఆయనను కుట్టే దోమలు ఈడ ఉన్నయ్.
ఓటు లేనోని ఇంటికి పోయి ఏం అడగాలె?
అయినా పోయిన. చాయ్ తాగిన.
మోరీ సంగతి ఆయనే రాసిచ్చిండు,
ఎన్ని అడుగుల పైపు పడతదో లెక్కతో సహా.

గుడి కమిటీ పెద్దమనిషి అడిగిండు:
నువ్వు మా దిక్కా, వాళ్ల దిక్కా?
మస్జిద్ గల్లీల అదే మాట ఉర్దూల అడిగిన్రు.
రెండు గల్లీల మురికినీళ్లు
ఒక్క మోరీలనే పోతయ్ గదా,
ఆ మాట నోటి దాకా వచ్చింది. మింగిన.
ఓట్లు కావాలె గద మరి.
ఖాళీ జాగల మీకే షెడ్డు అని ఈడ,
మీకే షెడ్డు అని ఆడ, మాటిచ్చి వచ్చిన.

ఆ రాత్రి మిషను మీద కూసుంటే
కాలు ఆడలే.
ఒక్క అంగీ గుడ్డల రెండంగీలు ఎట్లెల్తయ్ పుష్పా?
అడ్డం తిప్పి కోస్తే ఎల్లొచ్చు.
చేతులు పొట్టిగైతయ్.

పొద్దుగాల లేచి రెండు గల్లీలకూ మళ్ల పోయిన.
షెడ్డు ఒక్కటే ఎల్తది,
ఇద్దరూ వాడుకోవాలె, చేతులు పొట్టిగైతయ్, అని చెప్పిన.
ఒకాయన తలుపేసుకున్నడు.
ఇంకొకాయన, "నిన్న అబద్ధం, ఇయ్యాల నిజం,
రేపేం తెస్తవ్ బిడ్డా?" అన్నడు.
ఎవరు ఏ గల్లీయో చెప్ప.

రేపు ఓట్లు.
షెట్టర్ సగం దించి డొరొతీ మేడం ఫ్రాకు ముంగటేసుకున్న.
వంగి లోపలికొచ్చింది ఇడ్లీబండి బుచ్చమ్మ.
నాలుగు నెలల కుట్టుకూలి బాకీ
బల్ల మీద పెట్టింది.
కడక్ నోటు, మడత గూడ పడలే.
బాలకిషన్ మనుషులు సందెల మా గల్లీల తిరిగిన్రని
నాకు తెలుసు. నాకు తెలుసని ఆమెకు తెలుసు.
చిల్లర లెక్కపెట్టి ఇచ్చిన.

పోతా పోతా షెట్టర్ కింద ఆగి,
"పుష్పా, కత్తెర ఎన్నో గడిల ఉంటది?"

"ఆరో గడి" అంటిని,
నోట్ల దారం ఉండంగనే.