గడియ

ఈ తాళంచెవి నా మోచేతంత పొడుగు.
కోటు జేబులో వేసుకుని బయల్దేరితే
నార్ఫోక్ గాలిలో ఓ పక్కకి ఒరిగి నడుస్తాను,
సరకు సరిగ్గా సర్దని పడవలాగా.

చెకుముకి రాళ్ల గోడలు, గుండ్రటి గోపురం.
గోపురం మీది గడియారం ఏడు నిమిషాలు వెనక.
సాల్ట్‌మియర్‌లో ఎవరూ దాన్ని బాగుచేయించమనరు.
ఆదివారం ఆలస్యంగా వచ్చేవాళ్లకి
ఆ ఏడు నిమిషాలే దిక్కు.

వికారు రోవెనా గారికి ఆరు చర్చిలు, ఒకటే కారు.
మా వంతు రెండో ఆదివారం, నాలుగో ఆదివారం.
అప్పుడు పద్నాలుగుమందిమి,
క్రిస్మస్‌కి నూటపది.
మిగతా రోజుల్లో దేవుడూ, నేనూ, గబ్బిలాలూ.
గబ్బిలాల జోలికి పోకుండా చట్టం ఉంది.
బల్ల మీద అవి రాల్చినవి తుడవడానికి
నా దగ్గర తడిగుడ్డ ఉంది.

కిందటి అక్టోబరులో దొంగలు పడ్డారు.
దక్షిణం వైపు కప్పు మీది సీసపు రేకుల్ని
చాపలు చుట్టినట్టు చుట్టి పట్టుకుపోయారు.
మర్నాడు వాన, నేరుగా ఆర్గన్ గొట్టాల్లోకి.
ఆ వెనకే బీమా కంపెనీ ఉత్తరం:
తలుపునకు తాళము వేసి ఉంచవలెను.

టీ డ్రమ్ము చుట్టూ సంఘం కూర్చుంది.
నలభై ఏళ్లుగా డబ్బు లెక్క చూసే సిరిల్ థర్టిల్
కళ్లద్దాలు తుడుచుకుని "వేసేద్దాం" అన్నాడు.
"కప్పు ఎత్తుకుపోయినవాళ్లు
తలుపులోంచి రాలేదుగా" అన్నాను.
కాసేపు బిస్కెట్లు నమిలిన చప్పుడు.
చేతులెత్తారు. తాళానికి ఐదు, వద్దని నాలుగు.

చెవి తిరగనంది.
దానికి తిరగడం ఎవరు నేర్పారని?
వంటనూనె పోశాను. మూలిగి, తిరిగింది.
ఆ రాత్రి భోజనం సయించలేదు.

మూడో వారం, శుక్రవారం పొద్దున,
ముందు వసారాలో రాతిబల్ల మీద
మనిషి కూర్చున్నంత మేర పొడిగా ఉంది.
చుట్టూ తడి. కింద క్యాబేజీ పొలాల బురద,
రెండు బూట్ల ఆకారంలో.
పువ్వులు సర్దేవాళ్ల వంతుల జాబితా కింద
బస్సు టికెట్ ఒకటి గుచ్చి ఉంది, వెనక పెన్సిల్‌తో:
తలుపు వేసి ఉంది. ఊరికే కూర్చుందామని వచ్చాను.
మా అమ్మ, మంగళవారం, విదిన్‌లో. రూమెన్.

విదిన్ ఎక్కడో నాకు తెలియదు.
కూరగాయల షెడ్డుకి వెళ్లి అడిగాను.
ఆ పేరుగలవాళ్లు ముగ్గురు ఉండేవారట,
ఇద్దరు లింకన్ వైపు వెళ్లిపోయారట,
మూడోవాడు రాత్రి డ్యూటీ, నిద్రపోతున్నాడు.
లేపొద్దన్నాను.

టికెట్ తీసుకుని సిరిల్ ఇంటికి వెళ్లాను.
చదివాడు. తిప్పి, బస్సు నంబరు కూడా చదివాడు.
మావిస్ పోయిన రాత్రి
చర్చిలో మూడో వరస బెంచీ మీద
తెల్లారేదాకా కూర్చున్నది ఎవరో నాకు తెలుసు.
నాకు తెలుసని తనకీ తెలుసు.
ఇద్దరం ఆ మాట ఎత్తలేదు.
"బీమా వాళ్లకి నేను రాస్తాలే" అన్నాడు,
కోటు కోసం వెతుకుతూ.

ఇప్పుడు చెవి గంటల గదిలో మేకుకి వేలాడుతోంది.
బీమా ఖర్చు పెరిగింది. జాము సీసాలు అమ్ముతున్నాం.
రూమెన్ వచ్చాడో లేదో చెప్పలేను.
ఒకరోజు ఒక కొవ్వొత్తి కరిగి ఉంది.
ఇంకోరోజు చేపబొమ్మ కుట్టిన మోకాళ్ల దిండు
ఉండాల్సిన చోట లేదు, పక్క బెంచీలో ఉంది.

ఏ గడియకైనా గడియ తీసే ఉంటుంది.
తలుపు మీద మా పాత కాగితం:
దయచేసి తలుపు చేరవేయండి,
వానకోయిలలు లోపల చిక్కుకుంటాయి.
కింద కొత్తగా, లెక్కల పుస్తకంలోని అక్షరాలతో:
తాళం లేదు. వానకి బిగుసుకుంది, అంతే.
భుజం పెట్టి తోయండి.