మోచేతి వేడి

ఈ దీవిలో ఇసుక నల్లన.
పొయ్యిలోంచి తీసి అప్పుడే ఆరబోసినట్టుంటుంది.
చెప్పులు విప్పితే తెలుస్తుంది
ఎవరింటికొచ్చామో.

నేను తెచ్చుకున్నవి ఒక థర్మామీటరు, గళ్ళ నోటుబుక్కు,
నేల వేడి కొలిచి రమ్మన్న ఆఫీసు కాగితం.
రోడా తెచ్చుకుంది తన మోచెయ్యి.
గుంట తీసి, చంక దాకా దూర్చి, కళ్ళు మూసుకుంది,
పసిబిడ్డకి పోసేముందు నీళ్ళు చూసే మనిషిలా.
"ఇక్కడ కాదు. కొండ ఇవాళ అటు తిరిగి పడుకుంది."

నా పాదరసం కాసేపు ఆలోచించి
అదే మాట చెప్పింది.

తెల్లారకముందే వచ్చిపోయాయట పక్షులు.
కోడికన్నా చిన్నవి, బూడిద రంగువి,
మొహాన కమిలినట్టు ఎర్రటి చర్మం,
కాళ్ళు మాత్రం మట్టిపని చేసేవాళ్ళ కాళ్ళు.
నడుం లోతు గొయ్యి తవ్వుతాయి,
ఒక్కటంటే ఒక్క గుడ్డు పెట్టి పూడ్చి
అడవిలోకి పోతాయి.
పొదగడం వాటి ఇంటా వంటా లేదు.
ఆ పని కొండది.

ముత్తవ్వకి ముత్తవ్వ నాటి మాట:
ఒక్క రాత్రిలో ఊళ్ళు మింగిందిట ఈ కొండ.
ఇప్పుడు నెత్తిన కాస్త పొగతో
కడుపులో నిప్పులు పెట్టుకుని
ఎవరి పిల్లల్నో సాకుతోంది.

ఒడ్డు పొడుగునా కొబ్బరాకుల దడులు.
ఇది రోడాది, అది ఆమె అన్న జోసాయాది,
ఆ చివరిది చర్చిది.
పక్షికి పట్టాలు తెలియవు, ఎవరి దడిలో దిగితే వాళ్ళ గుడ్డు.
పీతలు అడ్డంగా పరిగెత్తి అన్ని సరిహద్దులూ చెరిపేస్తాయి.
దడి మీంచి ఒక ఉడుము
వడ్డీకిచ్చినవాడిలా నాలుక చాపి చూస్తుంటుంది.

"మా అమ్మ రోజుకి రెండు బుట్టలు తీసేది," అంది రోడా.
బుట్ట చూపించలేదు.
అడుగున ఆరు గుడ్లు, పైన ఆకులు.
నాలుగు హొనియారా బజారుకి, మనవడి బడి ఫీజుకి.
రెండు మాకు.

వాగు దగ్గర కూర్చున్నాం.
కొండలోంచే వస్తుందది, మరుగుతూ.
గుడ్లు ఆకులో చుట్టి దించింది.
ఉడికాక చూస్తే అంతా పచ్చసొనే,
తెల్లసొన మొహమాటానికి.
తింటూ లెక్క రాశాను:
ఇసుకలో ముప్పైనాలుగు, వాగులో తొంభై ఒకటి,
మధ్య దూరం ఇరవై అడుగులు.
చదివి వినిపిస్తే రోడా నవ్వలేదు.
"కొండకి ఆ తేడా తెలీదు. తెలియాల్సింది మనకి."

మధ్యాహ్నం ఇంకొకటి తీసింది.
చేతిలో తిప్పింది, చెవి దగ్గర పెట్టుకుంది.
సముద్రం హోరు.
నాకేమీ వినబడలేదు.
ఆమె మళ్ళీ ఇసుకలో భుజం దాకా వంగి
తీసినచోటే, తీసిన వైపే పెట్టి
పిడికిడు పిడికిడుగా పూడ్చింది.
ఆరువేళ్ళ జాగాలో ఒక పుల్ల గుచ్చింది.
ఉడుము వంక ఒక గులకరాయి విసిరింది.

ఆరో రోజున, నేను పడవ కోసం చూస్తుంటే
పుల్ల వంగింది.
నేల లోపల ఎవరో దుప్పటి తన్నేస్తున్నట్టు కదలిక.
ముందు ఒక గోరు, తర్వాత ఇసుక, మళ్ళీ ఇసుక,
తర్వాత తడి ఈకలతో, కోపంగా, ఒక మొహం.
అమ్మని వెతకలేదు.
అలాంటి వస్తువొకటి ఉంటుందని దానికెవరూ చెప్పలేదు.
నా బూటు వంక చూసింది, సముద్రం వంక చూసింది,
రెండూ నచ్చక
కాసేపు ఎండలో ఊపిరి పీల్చుకుని
రెక్కలు విప్పి
అడవికేసి ఎగిరిపోయింది. పుట్టిన పూటే.

పడవవాడు కేకేస్తున్నాడు.
నోటుబుక్కులో ఆ రోజు గడి
ఖాళీగానే ఉంది.
వంగి, చొక్కా మడిచి,
ఆ గుంటలోకి మోచెయ్యి దించాను.