ఖోర్ ఒడ్డున పెంకలాట

రస్ అల్ ఖైమా ఖోర్ నీళ్లు
శుక్రారం పొద్దున ఆరింటికి
కొత్తగ పాలిష్ కొట్టిన గ్రానైట్ లెక్క ఉంటయి.
గాలి లేవకముందే రావాలె.
ఎన్క క్యాంపుల బకీట్ల చప్పుడు,
మా జేబులల్ల పెంకలు.

ఇసుక దేశంల రాయికి కరువు.
వారమంత విల్లాలల్ల టైల్స్ కోసుకుంట
మూలకు పడ్డ ముక్కలు ఏరుతం.
ఇటలీ మార్బుల్ బరువు, ముంగటికి వాల్తది.
బాత్రూం టైల్ పల్సన,
గాలి తిని అప్పడం లెక్క లేస్తది.
అసలుకు తగ్గది స్కర్టింగ్ ముక్కనే.
చూపుడువేలు పట్టేటట్టు అంచు అరగదీస్తే
అది బిళ్ల.

నీళ్లమీద ఒక్క దుంకు దుంకితే కప్ప.
ఏడు కప్పలైతే బుచ్చిమల్లు చాయ్ ఇప్పియ్యాలె.
బాంగ్లా తొఫజ్జల్ గూడ కప్పనే అంటడు, వాని భాషల.
పదకొండేండ్లల నేనీడ కప్పను చూడనేలేదు.
ఆఖర్ల సత్తువ అయిపొయ్యి
లెక్కకందకుంట గిలగిలలాడేటియి మెతుకులు.
మెతుకులు లెక్కకు రావని నేను,
"ఎందుకు రావండీ, మెతుకులూ కూడేనండీ" అని ఏసుబాబు.
వాంది రాజోలు, గోదారి పాయల మీద చెయ్యి తిరిగినోడు.

మొదటి దెబ్బకే మునిగితే బుడుంగు.
చెయ్యి జారి మన కాళ్లకాడనే పడితే క్యాన్సిల్.
అనుకున్నదానికంటె ఒకటెక్కువ దుంకితే ఓవర్‌టైం,
పైసలు రాని ఓవర్‌టైం.
సక్కగ పోయేది నడుమ ఎడమకు తిరిగి
పడవల సందుల యాడ్నో మాయమైతే
దానికో మాటుండె.
ఖల్లివెల్లి.
అందరం ఒక్కసారి ఒర్లుతుంటిమి.

గంగనర్సు కంపెనీ ఇడిసిపెట్టి వచ్చినకాన్నుంచి
ఆ మాట అంటలేం.
పాస్‌పోర్టు కఫీల్ తాన, మనిషి మా రూముల
పై మంచం మీద. బండి సప్పుడైతే లేసి కూసుంటడు.
ఎవ్వరు చెప్పలే, ఒట్టు పెట్టుకోలే.
రాయి పక్కకు తిరిగినప్పుడల్ల
బుచ్చిమల్లుకు దగ్గు వస్తది,
తొఫజ్జల్ చెప్పులల్ల ఇసుక దులుపుకుంటడు.

మొన్న శుక్రారం గంగనర్సు ఇసిరిండు.
మోకాలు వంచి, చెయ్యిని నీళ్లంత కిందికి దించి.
కప్ప. కప్ప. కప్ప.
తొమ్మిది దాక తాడు గుంజినట్టు పోయింది.
పదోకాడ పడవ అల తాకి
ఎడమకు తిరిగింది.
మేం నలుగురం ఆకాశం దిక్కు చూస్తున్నం.

వాడే అన్నడు, మెల్లగ,
"ఏందిరా, పేరు మర్సిపోయిండ్రా?"

ఏసుబాబు తడుముకున్నడు,
"అదా... అదీ... ఒడ్డుకెళ్లిందండీ."

అటు ఒడ్డు లేదు. అటు మొత్తం సముద్రమే.
గంగనర్సు నవ్విండు,
ఇంకో బిళ్ల కోసం
నా జేబుల చెయ్యి వెట్టిండు.