ఓస్లరమ్మ ఇల్లు

మొదటిరోజే ఇల్లు నా నుదుటి మీద సంతకం పెట్టింది.
వంటింటి ద్వారబంధం ఐదడుగుల నాలుగంగుళాలు,
నేను ఐదడుగుల ఏడు.
"అప్పటివాళ్ళు పొట్టివాళ్ళు" అన్నాడు సామాను దించే కుర్రాడు,
సోఫాకి తాడు కట్టి కిటికీలోంచి లాగుతూ.
మెట్లు దాన్ని ఒప్పుకోలేదు.

కోవెంట్రీలో ముప్పై ఏళ్ళు బస్సు నడిపినదాన్ని.
ఈ స్టోక్ ఎల్వర్‌లో ఊరంతా కలిపి ఒకటే వీధి,
అదీ ఎప్పుడో సంతకి నడిచిన గొర్రెలు
వేసిపోయిన వంకరలోనే ఉంది.
వారానికి రెండు బస్సులు.
శుక్రవారం వాడికి గేరు మార్చడం రాదు.
పళ్ళు బిగించి కూర్చుంటాను.

రొట్టెల కొట్లో అడిగారు, ఎక్కడ దిగారని.
"చర్చి సందులో, ఏడో నంబరు."
నంబరంటే ఏమిటో ఎవరికీ తెలీనట్టు చూశారు.
"ఓహో, ఓస్లరమ్మ ఇల్లా!"
ఓస్లరమ్మ పోయి పదకొండేళ్ళు.
తర్వాత ఒక పళ్ళ డాక్టరున్నాడు,
పోట్లాడుకుని విడిపోయిన ఒక జంట ఉంది.
ఆ పేరుని గీకడం ఎవరి గోళ్ళకీ చేతకాలేదు.

తలుపుకి పసుపు రంగు వేద్దామనుకున్నాను.
కౌన్సిల్ నుంచి ఉత్తరం:
అనుమతించిన రంగులు ఆరు.
నాలుగు బూడిద రంగులే, వేరే వేరే పేర్లతో.

ఏటి ఒడ్డున మిల్లు గోడ మీద
వరదొచ్చిన సంవత్సరాలు ఉలితో చెక్కి ఉన్నాయి.
ఒకటి నా మోకాలు. ఒకటి నా నడుము.
ఒకదాన్ని తలెత్తి చూడాలి.
దాని కిందే నిలబడి ఎవరో ఆవిడ
తీరిగ్గా ఐస్‌క్రీం తింటోంది.
ఇల్లు కొనకముందు ఈ గోడ చూసుంటే?
కొనేదాన్నే. ఎందుకంటే చెప్పలేను.

మంగళవారం రాత్రి గంటల సాధన.
ఏడున్నర నుంచి తొమ్మిది దాకా
కంచాల దొంతర మెట్ల మీంచి దొర్లినట్టు,
మళ్ళీ ఎవరో పేర్చినట్టు, మళ్ళీ దొర్లినట్టు.
రెండు వారాలు దిండు నెత్తిన పెట్టుకున్నాను.
మూడో వారం దెబ్బలాడదామని వెళ్ళాను.

గోపురం లోపల మెలికల మెట్లు, యాభై రెండు.
పైన ఐదుగురు మనుషులు, ఆరు తాళ్ళు.
డెన్జిల్ ట్రఫిట్, ఒకప్పటి పశువుల డాక్టరు,
నేను నోరు తెరవకముందే
గిత్తని బేరమాడినట్టు నా భుజాలు చూశాడు.
"బరువైనదేదైనా నడిపావా?"
"పన్నెండు టన్నులు. డబుల్ డెక్కర్."
"అయితే నాలుగో తాడు."

లాగడం కాదట, వదలడం నేర్చుకోవాలట.
గంట తలకిందులై పైన ఒక్క క్షణం నిలబడి
కిందికి రావాలా వద్దా అని ఆలోచిస్తుందట,
ఆ కాస్త వ్యవధీ దానికివ్వాలట.
తొందరపడితే తాడు నిన్నే ఎత్తుకుపోతుంది, అన్నాడు.
ఎత్తుకుపోయింది కూడా.
అరవై రెండేళ్ళ దాన్ని
నేలకి మూడడుగుల ఎత్తున కాళ్ళాడించాను.
ఎవరూ నవ్వలేదు. నాకే ఆగలేదు.

అక్టోబరుకి చెయ్యి తిరిగింది.
లోపలివాళ్ళకి గంటలు ఊరికి వినపడ్డట్టు వినపడవు.
తాళ్ళు నేలని తాకే చప్పుడు,
ఎవరిదో దగ్గు, డెన్జిల్ లెక్క.
నేను మోగించేది ఎలా ఉంటుందో
సందులో దిండ్లు కప్పుకున్న వాళ్ళకే తెలియాలి.

రొట్టెల కొట్లో ఇప్పటికీ అది ఓస్లరమ్మ ఇల్లే.
నేను పోయాక, పాపం, తర్వాత వచ్చేవాళ్ళెవరో
నా పేరు మోస్తారు కాబోలు.

మొన్న కోవెంట్రీ వెళ్ళాను, చెల్లెలింటికి.
కొత్త ఫ్లాటు, ఆరడుగుల ఎనిమిదంగుళాల ద్వారాలు.
తల వంచుకుని వంటింట్లోకి వెళ్ళాను.
టీ పోస్తున్నదల్లా ఆపి అడిగింది,
"మెడకేమైందే?"