ఇస్త్రీ కాని ఆకు

పేరులో రోజ్ ఉంది కదా అని
ప్రిమ్‌రోజ్‌ని గులాబీ అనుకున్నాను.
గులాబీని ఎలా కత్తిరించాలో నాకు తెలుసు:
కన్ను చూసి, కన్నుకి కాస్త పైన, ఏటవాలుగా,
జాలి పడకుండా.

స్కిప్టన్‌లో ఈ అద్దె ఇంటి వెనక
రెండు మంచాలు పట్టేంత పెరడు.
రాళ్ళు పేర్చిన గోడ, గోడకి నాచు,
నాచు కింద వరసగా ఆరు దుబ్బులు.
మజ్జిగపులుసు రంగు పూలు
మార్చి చలిలో నేలని కరుచుకుని పూసి
ఏప్రిల్ చివరికి
టీలో నానిన బిస్కట్లలా మెత్తబడ్డాయి.

ఆదివారం. షాపుకి సెలవు.
వారమంతా పెళ్ళిగౌన్ల అంచులు మడిచిన చేతులు
ఊరికే ఉండలేక
మేకుకి వేలాడుతున్న పెద్ద కత్తెర తీశాయి.
కరకర. కరకర.
అరగంటలో ఆరు దుబ్బులూ
తిరపతి గుండ్లు.

గోడవతల సగ్డెన్ గారు.
నలభై ఏళ్ళు బస్సు ఇంజన్లు విప్పిన మనిషి,
మాటని కూడా స్పానర్‌తో బిగించి వదులుతాడు.
గుండ్లని చూశాడు. నన్ను చూశాడు.
టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.
"అది గులాబీ కాదమ్మాయ్."
అంతే, లోపలికి పోయాడు.
కాసేపటికి కెటిల్ కూత గోడ దాటి వచ్చింది.

ఆ రాత్రి నిద్ర లేదు.
కొలత తప్పి కోసిన గుడ్డకి
అతుకు వేయొచ్చు, కుచ్చు పెట్టొచ్చు,
ఇప్పుడిదే ఫ్యాషనండీ అనొచ్చు.
మొక్కకి ఏం చెప్పను?

పది రోజులు
వాన, మళ్ళీ వాన, వానకి విరామంగా తుంపర.
షాపుకి వెళ్ళేముందు వంగి
జ్వరం పిల్ల నుదురు చూసినట్టు
ఒక్కొక్క మోడునీ తాకి చూసేదాన్ని.
పదకొండో రోజు
మూడో దుబ్బు నడుమ
గోరంత ఆకు.
పిండి, దులపకుండా ఆరేసిన నూలుగుడ్డలా
ముడతలు ముడతలుగా,
ఇస్త్రీ కాని ఆకు.
అలవాటు కొద్దీ వేలితో సాపు చేయబోయాను.
కాలేదు. అది ముడతతోనే పుడుతుందట.

ఐదు బతికాయి.
ఆరోది, గోడమూలది, రాలేదు.
దాని చోట నేను ఇంకేమీ నాటలేదు.

మళ్ళీ మార్చి.
ఈసారి వంగి, పూల గొంతులోకి చూశాను.
కొన్ని దుబ్బుల పూలలో గుండుసూది తల,
కొన్నిట్లో తెగిన పోగుల కుచ్చు.
నా పనిబల్ల నాకంటే ముందొచ్చి
ఇక్కడ కూర్చుందని తెలియక
కత్తెర పట్టాను నిరుడు!

సగ్డెన్ గోడమీద మోచేతులు ఆనించి
బొటనవేలూ చూపుడువేలూ కలిపి చూపించాడు,
ముక్కుపొడుం చిటికెలా.
వాడిన పువ్వుని, ఆకుల అడుగున, కాడ మొదట్లో
గోటితో తుంచాలి.
పండాకుని పక్కకి లాగితే దానంతటదే వస్తుంది.
పచ్చాకుని మాత్రం ముట్టకు,
వచ్చే ఏటి పువ్వుకి అది అన్నం వండుతోంది.
అన్నం అనలేదులెండి, డిన్నర్ అన్నాడు.

సందెవేళ పువ్వు తుంచకూడదంటారు మావైపు.
నేను ఇల్లు చేరేసరికి ఏడు.
ఇక్కడ మే నెలలో ఏడంటే ఇంకా ఎండ,
తొమ్మిదైతేగాని సందె పడదు.
అయినా లోపల ఏదో పాత గడియారం
తప్పు తప్పు అని కొట్టుకుంటుంది.
వాడినవేలే తల్లీ, అని దానికి నచ్చజెప్పి
తుంచుతాను.

గోళ్ళలో పసరు.
మర్నాడు తెల్ల శాటిన్ మీద
లేత మరక.
నిమ్మచెక్కతో రుద్దాను. పోయింది, దాదాపు.
పెళ్ళికూతురు చూడలేదు.

ఒక్క కాడని మాత్రం వదిలేశాను
గింజ కట్టనీ అని.
గింజకి అంటుకుని ఇంత కొవ్వు ఉంటుందట,
దానికోసం చీమలు మోసుకుపోతాయట.
చీమలకి పెట్టడం నాకేం కొత్త?
బియ్యప్పిండితో ముగ్గు వేసిన వేళ్ళివి.

జూన్‌లో చూశాను వాటి బారు.
నాచు మీదుగా ఎక్కి, రాళ్ళ సందులోంచి
నేరుగా సగ్డెన్ వైపుకే.
ఆయనకి చెప్పలేదు.
మొలిస్తే
టోపీ తీసి ఆయనే చూసుకుంటాడు.