ఇరవై అయిదో పోర్టు

చిలోయే దీవిలో వాన వెలిశాక వెళ్దాంలే అనుకునేవాడు
ఇంట్లోనే ముసలివాడైపోతాడు.
అందుకే తడుస్తూనే వెళ్లాను
ఎదెల్మీరా చిగ్వాయ్ పడవల కొట్టానికి,
సంచిలో ఒక పెన్‌డ్రైవూ, ఒక పొడి తువ్వాలూ.

కంప్యూటరు మీద రంపపు పొట్టు.
కీబోర్డులో మూడు అక్షరాలు అరిగి నున్నబడ్డాయి.
పక్కన కట్టెల పొయ్యి మీద
నల్లతొక్క బంగాళాదుంపలు కుతకుతలాడుతున్నాయి.
"ఉత్తరాలు వస్తాయి, పోవు" అంది ఆమె.
"పదకొండు నెలలుగా రాస్తున్నాను, ఒక్కరూ పలకరు.
దీవి మొత్తం నా మీద అలిగిందనుకున్నా."

కొత్త ప్రోగ్రాం ఎక్కించాను.
పాతదాంట్లోని డబ్బాలన్నీ ఇందులోకి మోశాను,
మూత తీసి చూడకుండా.
ఇల్లు మారేవాళ్ల ట్రంకుపెట్టె తెరవకూడదు,
నా పనిలో నీతి అంటూ ఉంటే అదొక్కటే.

పాస్‌వర్డ్ అడిగితే గోడవైపు చూపించింది.
ఒక పలక మీద వడ్రంగి పెన్సిలుతో రాసి ఉంది.
కొట్టాను. తప్పంది.
మళ్లీ కొట్టాను. మళ్లీ తప్పంది.
"ఈ గుండ్రనిది సున్నానా, ఓ అక్షరమా?"
ఆమె కళ్లద్దాలు పైకి తోసి దగ్గరికెళ్లి
బొటనవేలితో తడిమి చూసింది.
"రెండూ కాదు నాయనా,
అది చెక్కకు పుట్టుకతో వచ్చిన ముడి."

ముడి వదిలేసి కొడితే
తలుపు తెరుచుకుంది.

"పోర్టు ఏదని అడుగుతోంది."
"కాస్త్రో అని రాయి. ఇంకేం పోర్టుంది మనకి?"
"అంకె కావాలి."
"రేవుకి అంకెలేమిటి, ఖైదీలా?"
వచ్చేవాటికి తొమ్మిది వందల తొంభై మూడు పెట్టాను.
పోయేవాటి గడిలో ఎవరో ఎప్పుడో
ఇరవై అయిదు అని పెట్టి వెళ్లారు.
అదీ సంగతి.
"ఆ రేవు మూసేసి చాలా కాలమైందమ్మా,
మీ సరుకంతా గట్టు మీదే పడి ఉంది."
ఐదు వందల ఎనభై ఏడు అని దిద్ది
సరే నొక్కాను.

అడుగున సన్నటి గీత కదిలింది.
పంపుతోంది: మూడింటిలో ఒకటి.
తారు, జనపనార కావాలని ఆర్డరు. (ఎప్పుడో అప్పు మీద తెచ్చుకుంది.)
మూడింటిలో రెండు.
ఒక బాప్టిజానికి శుభాకాంక్షలు. (ఆ పిల్ల ఇప్పుడు పరుగులు పెడుతోంది.)
మూడోది. కల్బూకో ఊరు, ఒవీదియో కార్కామోకి.
"నీ సైప్రస్ చెక్కలూ నీ మాటల్లాంటివే,
ఆరకముందే వంకర" అని మొదలు.

"ఆపు!"
దుంపల గరిటె పట్టుకునే పరుగెత్తుకొచ్చింది.
ప్లగ్గు పీకేసింది.
తెర నల్లబడింది. వాన మటుకు ఆగలేదు.

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు.
ఈ మాట పెదవి దాటి
పదకొండు నెలలు గడపలో చతికిలబడి
ఇవాళ, నా చేత్తో, సముద్రం దాటింది.

"చలికాలంలో అతని గుండె కోశారు" అంది మెల్లగా.
"నేను కోడిపెట్టని పంపాను.
అతను రెండు పలకలు ఊరికే పంపాడు, తిన్నటివి.
ఎవరం దేని గురించీ మాట్లాడుకోలేదు.
అలా సర్దుకుపోయింది."

ప్లగ్గు మళ్లీ పెట్టి కుర్చీ ఆమెకిచ్చాను.
"ఒవీదియో," అని కొట్టింది.
ఆ కామా దగ్గరే అరగంట.
నేను ఒలిచిన దుంప ఒలిచినట్టే పట్టుకుని కూర్చున్నాను.
కాలుతోంది, అయినా కింద పెట్టలేదు.

టింగుమంది.
ఒక్కటే వాక్యం, కల్బూకో నుంచి:
"ఎవరిది ఈ ఉత్తరం?
నాకు తెలిసిన ఎదెల్మీరా
ఇంతకన్నా బాగా తిడుతుంది."

ఆమె నవ్విందో లేదో నాకు తెలీదు,
అటు తిరిగి పొయ్యిలో కట్టె ఎగదోసింది.
డబ్బులకు బదులు సంచీ నిండా దుంపలు పోసింది.
గుమ్మం దాకా వచ్చి అడిగింది:

"ఆ ఇరవై అయిదు
మళ్లీ పెట్టుకోవాలంటే ఎలా?
రోజూ కాదులే. కోపం వచ్చిన పూట."

పెన్సిలు తీసుకుని
గోడ మీద పలక మీదే రాసిచ్చాను,
పాస్‌వర్డ్ కింద,
ముడికి తగలకుండా.