మా నాయిన చెక్కిన తప్పు

కాజీపేట రైల్వే శ్మశానంల, గూడ్సు షెడ్డు గోడ పక్కన
తుమ్మకంప నరికితేగాని కనపడని సమాధి
గార్డు ఎలైజా పెణ్‌కర్‌ది.
డెబ్బై ఒకటిల ఆయన పోయిననాడు
భార్య ఒక్కతే డ్యూటీ పుస్తకం అట్టమీద
అయిదు అక్షరాలు గీసి మా నాయినకిచ్చిందట.
“కుడి నుంచి ఎడమకు చెక్కు ఉప్పలయ్యా, ఉర్దూ తీరు.”
కూలి పదకొండు రూపాయలు. లాంతరు ఆమెదే.

మేం వడ్డెరోళ్లం.
మడికొండ గుట్టల్ల రాయి మా మాట వింటది, అక్షరం వినదు.
తన పేరు రాయరాని నాయిన
ఎవరి దేవుడియో ఆ అక్షరాలను
ఊపిరి బిగబట్టి రాయిల దించిండు.

నిన్న మాపటికి ఒకామె వచ్చింది.
శులమీత్ చేవుల్‌కర్. రబ్బీనట.
పూజారి గాదు, పంతులమ్మ అనుకోమన్నది.
తెల్ల వెంట్రుకల మీద చిన్న గుండ్రటి టోపీ,
అది మగోళ్లు పెట్టుకునేదట.
“నాది నెత్తి గాదా?” అన్నది హిందీల.

గోడమీద కూసోని చాయి తాగుకుంట చెప్పింది.
ఇరవై మూడేండ్లప్పుడు గ్రంథం ముందట నిలబడితే
పెద్దమనుషులు దీపాలార్పి ఇండ్లకు పోయిన్రట.
థానేల కుట్టుమిషన్ల దుకాణం మీద అర్ర కిరాయికి తీస్కొని
శుక్రవారం రెండు దీపాలు ముట్టిచ్చి
వచ్చిన నలుగురికే చదివిందట.
తాతల పేర్లే ఉన్న ప్రార్థనల
అవ్వల పేర్లు పెన్సిల్‌తోని రాసిందట.
పెన్సిలెందుకన్న.
“ఇంకెవరిని మరిచిన్నో రేపొచ్చేది చెప్తే
జాగ ఉండాలె గద.”

పోయినోళ్ల కోసం చదివే మాటకు పదిమంది కావాలెనట.
ఎనుకట పదిమంది మగోళ్లు. ఈమె ఆడోళ్లను కలిపింది.
మనుషులను ఒకటి, రెండు అని లెక్కవెట్టొద్దట వాళ్లల్ల.
మేమూ వడ్లు కొలిస్తే ఒకటి అనం, లాభం అంటం,
ఏడును ఆరున్నొక్కటి అంటం.
అది ఇని గ్లాసు కింద పెట్టి
నాతోని రెండుసార్లు అనిపిచ్చింది.

లాభం, నేను.
రెండు, కీమాన్ రాజలింగు.
మూడు, చాయి పోసే జైబున్.
తర్వాత గేటుకాడి అన్నదమ్ములు, కాటికాపరి ముసలోడు.
ఆరున్నొక్కటి, నిరుడు మొగుడు పోయిన కనకలచ్చి.
ఎనిమిది, ఆమె చంకల పోరడు.
తొమ్మిది, తనే. ఆడికి ఆగింది.
“పదైనా మీరు మా లెక్కల రారు.
రాని లెక్కను వచ్చిందని చెప్ప.
ఆ మాట థానేల చదువుత.
ఈడ ఆయన పేరు, ఆయన తల్లి పేరు చాలు.”

తల్లి పేరు ఎవరికీ తెల్వదు.
పుస్తకంల ఆయన పేరు పక్కన
పెన్సిల్‌తోని గీత గీసి, ఖాళీ ఇడిసింది.

అప్పుడు రాయిని తడిమింది.
వేలు అయిదో అక్షరం కాడ ఆగింది.
“ఇది తప్పు.”
ఎడమ కాలుకూ పైగీతకూ నడుమ సందుండాలెనట.
ఏడ్చే ఆడిమనిషి చెయ్యి వణికి
గీత తెగిందనుకున్నడో ఏమో నాయిన,
దయతలిచి కలిపేసిండు.

నా మొఖం మాడిపోయింది.
ఉలి తెస్త, చెప్పు, తీస్త అన్న.
ఆమె చానసేపు మాట్లాడలే.
గూడ్సుబండి పోయింది, డబ్బాలన్నీ పోయినయి.

“అయిదు అక్షరాలకు అర్థం,
‘ఈయన పానం ఆ బతుకు మూటల కట్టి ఉండనీ.’
చివరిది ‘ఆ’.
సందు మూస్తే ‘ఆ’ పోయింది.
మా భాషల బతుకు అనే మాట
మీ నాయిన చెక్కిన అక్షరంతోనే మొదలైతది.
ముప్పై ఏండ్లసంది ప్రార్థనలు దిద్దుతున్న.
దీన్ని ముట్ట.”

వాళ్లు పూలు పెట్టరట. రాయి పెడతరట.
రాయి ఏరియ్యమన్నది నన్ను.
పొద్దుమాపు రాళ్లు కొట్టి, మోసి, లారీకెత్తినదాన్ని,
గుప్పెట్ల పట్టే రాయి కోసం
ఆ కంకరల ఎంతసేపు ఎతికిన్నో.

రెండు పెట్టింది.
రెండోది ఎవరికని నేనడగలే.